చలికాలమున చేతిపని, తీరపు నడక

పెద్దలారా, మార్గశిరము ప్రవేశించినది మొదలు మాఘము గడచువఱకు మన పల్లెలలో వృద్ధులు దినములు పుచ్చు తీరు మీ రెఱుగనిది కాదు. తెల్లవాఱుజామున చలిమంట, ప్రొద్దెక్కిన పిదప అరుగుమీద నీరెండ, మధ్యాహ్నము కునుకు, దీపాలవేళకే తలుపు మూసి దుప్పటి ముసుగు. చేతికి పనిలేదు, కాలికి నడకలేదు. ఈ రెండును మానినవానికి చలి రెండింతలగును. చేతితో చేయు ఉన్నిపనియు, కాలితో చేయు నడకయు చలికాలమునకు మంచి మందులు. ఇవి వేఱువేఱు మందులు కావనియు, గొఱ్ఱెలవెంట దిరిగిన మన కాపరులు పూర్వమే ఈ రెంటిని జోడించి యుంచిరనియు, ఆ జోడు విడిపోకుండ కాపాడుట మీవంటి పెద్దలచేతిలో నున్నదనియు మనవి చేయుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా మన సీమ చలి ఎట్టిదో చూతము. సముద్రమట్టమునుండి ప్రతి 1,000 అడుగులు పైకి పోయినకొలది గాలి సుమారు 2 సెంటీగ్రేడు డిగ్రీలు చల్లబడును. మదనపల్లె 2,200 అడుగుల కెక్కువ ఎత్తున నున్నది. దానికి దాపుననున్న ఏనుగు మల్లమ్మ కొండ 4,000 అడుగులకు మించినది. కడప కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర 1870 ప్రాంతమున అచట ఇల్లు కట్టికొన్నందున దానికి హార్సిలీ కొండ యను పేరు వచ్చినది. ఆ మెట్టసీమలో చలి పొడిచలి. రాత్రి ఆకాశము నిర్మలముగ నుండుటచే నేల తన వేడిమిని త్వరగా కోల్పోవును. తీరమందలి చలి వేఱుజాతిది. నీరు నేలవలె త్వరగా చల్లబడదు గావున సముద్రము ప్రక్కన రాత్రులు అంత కఠినముగ నుండవు. కాని అచటి గాలియందు తేమ గలదు. ఆ తేమగాలి చెవులను, మోకాళ్లను పట్టుకొనును.

తీరము మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పవలెను. 1911లో ఏర్పడిన మన చిత్తూరు జిల్లాకు సముద్రము లేకుండెను. కొండలు, చెఱువులు, ఏఱులు మాత్రమే మన సొత్తు. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడినపుడు అంతకుముందు నెల్లూరు జిల్లాలో నుండిన సూళ్లూరుపేట, తడ మొదలగు మండలములు దానిలో చేరినవి. దానితో శేషాచలము మొదలుకొని పులికాటు సరస్సు వఱకు ఒకే జిల్లా యయ్యెను. సరస్సునకు ఆవల శ్రీహరికోట దీవి, ఆ దీవికి ఆవల బంగాళాఖాతము. నిన్నటివఱకు సముద్రము పరాయి సీమది అనుకొన్న మన పెద్దలకు నేడు అది మన జిల్లాలోనిదే.

ఈ రెండు సీమల భేదము గొఱ్ఱెల యొంటిమీదనే కానవచ్చును. తీరమందలి నెల్లూరు గొఱ్ఱె పొడుగుకాళ్లది. మన దేశపు గొఱ్ఱెలలో మిక్కిలి ఎత్తైనదిగా పేరొందినది. దాని యొంటిమీద కుఱుచ వెండ్రుకయే గాని ఉన్ని లేదు. ఉక్కపోతసీమలో దాని కట్టిది అక్కఱలేదు. పడమట దక్కను పీఠభూమికి, అనంతపురము, బళ్లారి దిక్కునకు పోయినచో ఉన్నిగల నల్లగొఱ్ఱెలు కనబడును. వానికి సంవత్సరమునకు రెండుమాఱులు ఉన్ని కత్తిరింతురు. ఆ ఉన్ని మెత్తనిది కాదు, ముతకది, వెండ్రుక కలిసినది. ఒంటికి తగిలినచో గీరుకొనును. అయినను వానకు, గాలికి, ముండ్లకు తట్టుకొనుటలో దానికి సాటి లేదు.

ఆ ఉన్నితోనే కురుబలు కంబళి నేయుదురు. కత్తిరించిన ఉన్నిని విడదీసి, ఏకి, వడకి, పడుగు చేసి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముమీద నేయుట దాని క్రమము. చింతగింజల గంజి దారమునకు బిగువునిచ్చును. కాపరికి కంబళి పగలు గొడుగు, రాత్రి పఱుపు, వానలో ఇల్లు. ఉన్ని తన బరువులో ఇంచుమించు మూడవవంతు తేమను పీల్చికొనియు పైకి తడిగా తోచదు. పైగా తేమను పీల్చుకొనునపుడు కొంత వేడిమిని విడుచును. వానలో తడిసిన కంబళిక్రింద కాపరి వణకకుండుటకు ఇదియే కారణము. తడిసిన నూలుదుప్పటి క్రింద పండుకొన్నవానికి ఈ భేదము చెప్పనక్కఱలేదు.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది ఉన్ని వడకు తీరును గూర్చి. పూర్వపు కాపరి రాట్నము ముందు కూర్చుండి వడకలేదు. మంద మేయుచుండగా చంకలో ఉన్ని పెట్టుకొని, చేత తకిలి త్రిప్పుచు, గొఱ్ఱెలవెంట నడచుచునే వడకెను. నా చిన్నతనమున అట్టి వృద్ధులను చూచితిని. వారి కన్ను మందమీద నుండెడిది, కాలు బాటమీద నుండెడిది, చేయి మాత్రము తన పని తాను చేసికొని పోవుచుండెడిది. సాయంకాలము మంద దొడ్డి చేరునప్పటికి కాపరి కొన్ని కోసుల నడకయు, ఒక ఉండ దారమును సంపాదించి యుండెడివాడు. ఆ వృద్ధులు చలికి ముడుచుకొని కూర్చుండగా నేను చూడలేదు.

ఇప్పుడు అల్లికపనికి వత్తము. నేత, వల, అల్లిక అను మూడును దారముతో చేయు పనులే గాని మూటి తత్త్వము వేఱు. నేతలో పడుగు నిలువుగను, పేక అడ్డముగను పోవును. వలలో ప్రతి కంటికి ముడి వేయుదురు. అల్లికలో పడుగులేదు, పేకలేదు, ముడియు లేదు. ఒకే దారము ఉచ్చులో ఉచ్చుగా దూరి వరుసవెంట వరుసగా సాగును. అందుచేతనే అల్లిన గుడ్డ సాగును, మరల కుదియును, ఒంటి వంపులను అనుసరించును. ఉచ్చులనడుమ గాలి నిలుచును. నిలిచిన గాలియే మనకు వెచ్చదనము నిచ్చునది, ఉన్ని ఆ గాలిని పట్టియుంచు కాపలాదారు మాత్రమే. ముడి లేకుండుటచే మఱియొక లాభము గలదు. చినిగిన స్వెట్టరును కొసనుండి విప్పి, దారమును ఉండగా చుట్టి, మరల మనుమనికి టోపీ అల్లవచ్చును. నేసిన గుడ్డతో నిట్లు చేయుట సాధ్యము కాదు.

ఈ అల్లిక మన దేశమున పుట్టినది కాదు. దొరకినవానిలో పురాతనమైన అల్లిక తునుకలు ఐగుప్తు దేశమునందు లభించినవి, సుమారు వేయేండ్లనాటివి. అచటినుండి అది ఐరోపాకు ప్రాకి, తీరదేశములందు బాగుగ వ్యాపించెను. స్కాట్లండునకు ఉత్తరమున సముద్రము నడుమనున్న షెట్లండు దీవులలో స్త్రీలు పొయ్యిలోనికి కావలసిన పీటుమట్టి గంపను వీపున మోయుచు, దారిపొడుగున మేజోళ్లు అల్లుచు నడచిరి. నడుమునకు కట్టిన తోలుపట్టీలో ఒక పుల్లను గుచ్చుటచే చేయి తేలికపడెడిది. హెరింగు చేపలకాలములో పడవలవెంట ఊరూరు తిరిగి చేపలు శుభ్రపఱచు పడుచులు తీరిక చిక్కినపుడు తీరమువెంట షికారు పోవుచును పుల్లలు విడువలేదు. అల్లిక, నడక, సముద్రతీరము అను మూడును అచట జీవనములో భాగములు.

మన పెద్దమనుష్యులలో కొందఱు అల్లిక ఆడువారి పని యని నవ్వుదురు. వారికి ఫ్రాన్సు దేశపు కాపరుల కథ చెప్పెదను. ఆ దేశమునకు నైరృతిని, అట్లాంటిక్ సముద్రతీరమున లాండు అను సీమ గలదు. పూర్వమది బురదనేల. గొఱ్ఱెలు దూరమునకు కనబడుటకును, బురదలో కాళ్లు దిగకుండుటకును అచటి కాపరులు మరగాళ్లు కట్టుకొని నడచిరి. అలసినపుడు ఒక పొడుగుకఱ్ఱ వెనుకకు ఆనించి, దానిమీద వాలి, ఉన్ని అల్లుచు మందను కాచిరి. వారు పురుషులు. 1857లో చేసిన చట్టమువలన ఆ నేల నీరు తీసివేసి దేవదారుజాతి వృక్షములు నాటించిరి. కొన్ని దశాబ్దములలో మందలును, మరగాళ్ల కాపరులును కనుమఱుగైరి. మన దేశమునందును తకిలి త్రిప్పినది పురుషుడే, కంబళి నేసినది పురుషుడే, సముద్రపు టొడ్డున వల అల్లినదియు పురుషుడే. చేతిపనికి ఆడు మగ భేదము లేదు. నేనును పెద్దతనముననే అల్లిక నేర్చికొన్నవాడను.

ఈ చలికాలమున మొదలిడదలచినవారు మఫ్లరుతో మొదలిడుడు. 4 మిల్లీమీటర్ల లావుగల రెండు పుల్లలు, నడిమి లావు ఉన్నిదారము 200 గ్రాములు చాలును. ఒక పుల్లమీద 40 ఉచ్చులు ఎక్కించుడు. రెండవ పుల్లను మొదటి ఉచ్చులోనికి దూర్చి, దారమును దానిచుట్టు త్రిప్పి, ఆ దారమును ఉచ్చుగుండ ఇవతలికి లాగి, పాత ఉచ్చును జాఱవిడువుడు. ఇదియే మొత్తము విద్య. 40 ఉచ్చులు ముగిసినపుడు పుల్లలు చేతులు మార్చి అదే పని మరల చేయుడు. వెడల్పు జానెడు, పొడవు అయిదడుగులు అయినపుడు ఆపుడు. దినమునకు ఆఱంగుళములు సాగినను పది దినములలో మఫ్లరు మెడకు చేరును. అల్లునపుడు ప్రతి వరుస చివర ఉచ్చులు లెక్కించుట మఱవకుడు. 40 ఉండవలసినచోట 39 ఉన్నచో ఎచటనో ఒకటి జాఱినదని తెలియవలెను.

రెండవ పని కుళ్లాయి. తల చుట్టుకొలతకు రెండంగుళములు తక్కువగ పొడవును, జానెడు వెడల్పును గల తునుక అల్లి, రెండు కొసలు కలిపి కుట్టి, పై అంచున దారము దూర్చి బిగించిన టోపీ యగును. రెండంగుళములు తక్కువ ఎందుకనగా అల్లిక సాగి తలను పట్టుకొనవలెను. ఇదే తీరున చిన్నదిగా గొట్టమువలె కుట్టినది మోకాలి తొడుగు. మోకాళ్ల నొప్పిగలవారికి చలిదినములలో అది ఎంత సుఖమో తొడిగినవారికే తెలియును. మేజోళ్లు మాత్రము మడమ త్రిప్పుట వలన కొంచెము కష్టమైనవి. వానిని రెండవ సంవత్సరమునకు ఉంచుడు.

దారము కొనునపుడు జాగ్రత్త వలయును. నేడు అంగళ్లలో ఉన్ని యను పేర నమ్మునది చాలవఱకు అక్రిలికు అను కృత్రిమ దారము. పరీక్ష సులభము. ఒక మూర దారము త్రుంచి, ఇనుప పళ్లెములో కాల్చుడు. నిజమైన ఉన్ని వెండ్రుక కాలిన కంపు కొట్టి, మెల్లగ కాలి, వ్రేలితో నలిపిన పొడియగును. కృత్రిమపు దారము కరగి గట్టిపూసవలె మిగులును. చలిమంట ప్రక్కన కూర్చుండు మన వృద్ధులకు ఈ భేదము ప్రాణమంత ముఖ్యమైనది. ఉన్నికి నిప్పు త్వరగా అంటుకొనదు, అంటుకొన్నను మందముగ కాలును. కృత్రిమపు దారము కరగి చర్మమునకు అంటుకొని లోతుగ కాల్చును. కావున అట్టి స్వెట్టరు తొడిగి చలిమంటకు దగ్గఱగ పోవలదని నా ప్రార్థన.

ఉన్నిబట్టను వేడినీట నుతుకరాదు. ఉన్నివెండ్రుకమీద చేపపొలుసులవంటి సన్నని పొరలు గలవు. వేడినీట నులిమినచో అవి ఒకదానితో నొకటి పెనవేసికొని బట్ట కుదించుకొని పోవును. చన్నీట కుంకుడురసముతో మెల్లగ పిసికి, పిండక, నీడను పఱచి ఆరబెట్టవలెను. మన ముతక ఉన్ని మెడకు, చెవులకు పనికిరాదు గాని కాలిక్రింద వేసికొను పట్టాకు, మంచముమీది పఱుపునకు, గుమ్మమువద్ద వేయు చాపకు మిక్కిలి తగినది. ఈ ఉన్నిని కొనువారు తక్కువైనందున పెక్కుచోట్ల గొఱ్ఱెలకాపరులు దానిని పాఱవేయుచున్నారు. కత్తిరింపు కూలియు గిట్టకున్న కాపరి మాత్రము ఏమి చేయగలడు?

ఇక నడక. అఱువది యైదేండ్లు దాటినవారు కూడ వారమునకు 150 నిమిషములు కొంచెము చుఱుకుగ నడచుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో నున్నది. అనగా దినమునకు అరగంట, వారమునకు అయిదు దినములు. దానితోపాటు తూలకుండ నిలుచు అభ్యాసము కూడ కావలెనని వారు చెప్పిరి, ఏలన ముసలితనమున పడుటవలన వచ్చు కీడు పెద్దది. చలిలో రక్తనాళములు కుదించుకొని రక్తపుపోటు పెరుగును. కావున గుండెజబ్బు, రక్తపుపోటు గలవారు తెల్లవాఱుజామున గాక సూర్యోదయము తరువాత తల, చెవులు కప్పుకొని బయలుదేరుట మేలు.

ఇంటిదగ్గఱ దినమును నడచువారు చలికాలమున ఒక్కమాఱైన తీరమునకు పోయి నడువవలెనని నా కోరిక. తిరుపతినుండి శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగ సూళ్లూరుపేట చేరవచ్చును. నడుమ దొరవారిసత్రము దగ్గఱ నేలపట్టు గలదు. అది 1976లో పక్షులకు రక్షితస్థలమైనది. పెలికాను అను గూడబాతులు వానలకాలము చివర వచ్చి, నీటిలో మొలచిన చెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఎండలు ముదురుసరికి వెడలిపోవును. సూళ్లూరుపేటలో కాళంగి యొడ్డున చెంగాళమ్మను దర్శించి, శ్రీహరికోటకు పోవు రోడ్డున కొంతదూరము పోయినచో రెండువైపుల పులికాటు సరస్సు కానవచ్చును. మన దేశపు ఉప్పుటేటి సరస్సులలో ఒడిస్సాలోని చిల్కా తరువాత ఇదియే పెద్దది. లోతు తక్కువగుటచే ఫ్లెమింగో యను పొడుగుకాళ్ల గులాబివన్నె పక్షులు నీట నిలిచి, తల క్రిందుచేసి, ముక్కుతో బురదనీటిని వడకట్టి తిండి తినును. వాని వన్నె తినెడి తిండినుండి వచ్చినదే. దీవిలోనికి మాత్రము అనుమతి లేక పోరాదు, అచట అంతరిక్ష కేంద్రము గలదు. ఇసుకతీరముననే నడువదలచినవారికి వాకాడు మండలమందలి తూపిలిపాళెము కలదు.

ఇసుకలో నడచుటకు ఉపాయము గలదు. పొడి యిసుకలో కాలు దిగబడును, మోకాళ్లు నొచ్చును. అల వెనుదీసిన చోట తడి యిసుక గట్టిగ నుండును, అచట నడువుడు. ఒడ్డు సముద్రమువైపు వాలియుండును గావున పోవునపుడు ఒక కాలికి పడిన భారము తిరిగి వచ్చునపుడు రెండవ కాలికి పడును. కావున పోయినంత దూరము అదే దారిని తిరిగి రండు. నీటిలోనికి దిగవలదు. తుపాను హెచ్చరిక యున్న దినమున తీరమువైపే పోవలదు. మఫ్లరువంటి తిన్నని అల్లిక చేయి మఱగినవారు ఉండను సంచిలో వేసి భుజమునకు తగిలించుకొని చదునైన యిసుకమీద నడచుచు అల్లవచ్చును. అలవాటు లేనివారు నడచినంతసేపు నడచి, కూర్చున్నప్పుడు అల్లుదురు గాక. బండ్లు తిరుగు రోడ్డుమీద మాత్రము ఎవరును ఈ పని చేయరాదు.

పులికాటు గట్టున నడచుచు నేను వల బాగుచేయు జాలరి వృద్ధుని దగ్గఱ చాలసేపు నిలిచితిని. నేటి వలలు నైలానువి, యంత్రములు అల్లినవి. కాని చినిగినచోట దారము చుట్టిన కొయ్యసూదితో కన్ను కన్నుగ కలుపుటకు ఇంకను చేయియే కావలెను. ఆ వ్రేళ్ల వేగము చూచినపుడు చిన్ననాడు చూచిన తకిలి కాపరులు నా మనస్సున మెదలిరి. ఒకడు మెట్టసీమవాడు, ఒకడు తీరపువాడు. ఇద్దఱి విద్యయు పుస్తకములో లేదు, వ్రేళ్లలో నున్నది. పుస్తకమును నూఱేండ్ల తరువాత విప్పి చదువవచ్చును. వ్రేళ్లలోని విద్య ఒక్కతరము నేర్వనిచో అంతటితో సరి. లాండు సీమ మరగాళ్లు నేడు పండుగలలో వేడుకకు చూపబడుచున్నవి. మన తకిలికిని, కంబళిమగ్గమునకును ఆ గతి పట్టకుండ చేయుటకు ఇంకను సమయము గలదు, ఏలన నేర్చినవారు ఇంకను మన నడుమ బ్రతికియున్నారు.

కావున పెద్దలారా, ఈ చలికాలమున మీ యూరిలో తకిలి త్రిప్పనేర్చిన వృద్ధుడున్నచో ఆతనియొద్దకు ఒక పిల్లవానిని పంపుడు. కంబళి కావలసినవారు నేసినవానియొద్దనే కొనుడు. మీరు స్వయముగ రెండు పుల్లలు పట్టి 40 ఉచ్చులు ఎక్కించుడు. అరగంట నడువుడు. వరుసవెంట వరుసయు, అడుగువెంట అడుగును తొందరలేక సాగు పనులు గనుక ముసలితనమునకు ఇవి తగినవి. మాఘము ముగియునప్పటికి మెడకొక మఫ్లరును, కాలికి కొంత సత్తువయు, ఒక పిల్లవాని వ్రేళ్లకొక విద్యయు మిగిలినచో ఆ చలికాలము వ్యర్థము కాలేదని తెలియుడు.